సన్‌మైకా సందేహాలు: బుడగలు, వంకర తలుపులు, కుక్కర్ మచ్చలు

ఈ నెల శీర్షిక మొత్తం సన్‌మైకాకే కేటాయించాం. వానలు మొదలయ్యాక ఇళ్లలో కప్‌బోర్డులు ఒక్కొక్కటే మొరాయించడం మామూలే. పాఠకులు అడిగినవి కుదించి ఇస్తున్నాం.

ప్ర: వార్డ్‌రోబ్ చేయించి ఎనిమిది నెలలైంది. రెండు తలుపుల మీద అరచేయంత బుడగలు లేచాయి. నొక్కితే లోపలికి పోతుంది, చెయ్యి తీస్తే మళ్లీ లేస్తుంది. షీటు నాసిరకమని కార్పెంటర్ అంటున్నాడు. నిజమేనా? (కూకట్‌పల్లి)

షీటు నోరెత్తదు కాబట్టి దాని మీదికి నెట్టెయ్యడం తేలిక. బుడగ వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది జిగురునీ, అది ఆరేటప్పుడు పడిన బరువునీ. తెల్ల జిగురు పూసి షీటు పెట్టాక రాత్రంతా సమంగా బరువు ఉండాలి. మన దగ్గర చాలా చోట్ల నాలుగు మూలలా టేపు వేసి, మధ్యలో రెండు ప్లైవుడ్ ముక్కలు పెట్టి వదిలేస్తారు. బరువు పడని చోట జిగురు షీటుకు తాకకుండానే ఆరిపోతుంది. చెక్క మీద రంపపు పొట్టు తుడవకుండా పూసినా అదే కథ. రబ్బరు జిగురు అయితే ఇంకో కారణం: పచ్చిగా ఉండగానే అంటించేస్తే అందులోని ద్రావకం బయటికి పోయే దారిలేక ఆవిరై, షీటును లోపలి నుంచి ఎత్తుతుంది.

ఏ జిగురో తెలియాలంటే తలుపు అంచున లేచిన చోట చూడండి. పసుపు రంగులో, గోటితో లాగితే తీగలా సాగితే రబ్బరు జిగురు. గట్టిగా, పారదర్శకంగా పెంకులా ఉంటే తెల్ల జిగురు. ఆ తర్వాత రూపాయి బిళ్లతో తలుపంతా తట్టండి. అతుక్కున్న చోట గట్టిగా ‘టక్’మంటుంది, డొల్ల ఉన్న చోట ‘డబ్’మంటుంది. డొల్ల ఎంతమేర ఉందో పెన్సిల్‌తో గీసుకోండి. కంటికి కనపడే బుడగ కంటే అది పెద్దదిగానే తేలుతుంది.

రబ్బరు జిగురైతే ఇస్త్రీపెట్టెతో పని జరుగుతుంది. మధ్యస్థం వేడి పెట్టి, షీటు మీద మడత పెట్టిన నూలు గుడ్డ వేసి, ఒక్కో చోట పది పదిహేను సెకన్లు ఆనించండి. పెట్టెను ఒకేచోట వదిలెయ్యకండి. జిగురు మెత్తబడగానే గుడ్డ తీసి, చెక్క దిమ్మెతో బుడగ మధ్య నుంచి దగ్గరి అంచు వైపు తోయండి. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది: షీటు చల్లారేదాకా దిమ్మె తియ్యకూడదు. వేడి మీద అతుక్కున్నట్టే ఉండి, చెయ్యి తీయగానే లేచేది ఈ ఓపిక లేకే.

తెల్ల జిగురుతో వేసిందైతే బుడగలో రెండు చివర్లా ఒకటిన్నర మి.మీ. రంధ్రాలు రెండు వెయ్యండి. ఒకటి జిగురు పోవడానికి, రెండోది గాలి రావడానికి. మెడికల్ షాపులో దొరికే 5 మి.లీ. సిరంజికి లావు సూది పెట్టి, రెండు మూడు చుక్కల నీళ్లతో పలుచన చేసిన జిగురు ఎక్కించండి. రెండో రంధ్రంలోంచి జిగురు కనపడగానే ఆపి, తడిగుడ్డతో తుడిచి, తలుపు ఊడదీసి నేల మీద పడుకోబెట్టి, పైన చదునైన పలక, దాని మీద బియ్యం బస్తాలాంటి బరువు ఒక రోజంతా ఉంచండి. రంధ్రాలు అదే రంగు మైనంతో పూడ్చెయ్యొచ్చు. ఒక మాట ముందే చెప్పాలి. లోపల పాత జిగురు పెంకు కట్టి ఉంటే కొత్త జిగురు చెక్కలోకి ఇంకదు, పట్టు అరకొరగానే ఉంటుంది. డొల్ల తలుపులో మూడో వంతు దాటితే ఈ తంటాలు వద్దు, షీటు మార్పించుకోండి. తప్పు పనిదే కాబట్టి కూలి ఇవ్వనవసరం లేదని గట్టిగానే అడగొచ్చు.

ప్ర: ఏడడుగుల వార్డ్‌రోబ్ తలుపులు. 18 మి.మీ. ప్లైవుడ్, బయట 1 మి.మీ. సన్‌మైకా, లోపల ఎనామెల్ పెయింటు. రోహిణి కార్తెలో పై మూల వేలు పట్టేంత బయటికొచ్చింది. వానలు పడ్డాక కొంచెం తగ్గింది. ఎందుకిలా? (మలక్‌పేట)

మీ ప్రశ్నలోనే జవాబుంది: బయట సన్‌మైకా, లోపల పెయింటు.

సన్‌మైకా అంటే కాగితం. గోధుమరంగు క్రాఫ్ట్ కాగితాలను ఫినాలిక్ రెసిన్‌లో, పైన డిజైను కాగితాన్ని మెలమైన్ రెసిన్‌లో ముంచి, పేర్చి, వేడిమీద భారీ ఒత్తిడితో ఒక్క పలకగా నొక్కుతారు. ఎంత నొక్కినా కాగితం బుద్ధి పోదు. గాలిలో తేమ పెరిగితే సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పైగా కాగితం పోగులు షీటు పొడుగునే పడుకుని ఉంటాయి గనుక, పొడుగున ఎంత కదిలితే అడ్డంగా దాదాపు దానికి రెట్టింపు కదులుతుంది. మన మే నెల ఎండకు బయటి షీటు ముడుచుకుంది, లోపలి పెయింటు దాన్ని వెనక్కి లాగే బలం లేనిది. తలుపు షీటు వైపు వంగి మూలలు బయటికొచ్చాయి. వాన తేమకు షీటు మళ్లీ సాగింది, వంకర కాస్త తగ్గింది. వచ్చే ఎండాకాలం మళ్లీ వస్తుంది. గదిలో ఏసీ ఉంటే ఇంకొంచెం ముందే వస్తుంది.

అందుకే లోపలి వైపు కూడా లైనర్ షీటు, అంటే లోపలి వైపులకు వేసే సాదా సన్‌మైకా, వెయ్యాలి. బయట 1 మి.మీ. ఉంటే లోపల 0.8 మి.మీ. పెట్టండి, మరీ పల్చనిది వద్దు. పొడుగు దిక్కు రెండు వైపులా ఒకటే ఉండాలి. షీటు మిగుల్చుకోవడానికి లైనర్‌ను అడ్డం తిప్పి వేస్తే, వేసీ లాభం లేదు.

ఇప్పుడు మీ తలుపుల సంగతి. ముందు నూలు దారం తీసుకుని పై మూల నుంచి కింది మూలకు బిగువుగా పట్టండి. తలుపు దారానికి ఆనుకునే ఉంటే వంకర తలుపుది కాదు, హింజిది. హింజి మరలతో పక్కకీ, లోతుకీ, ఎత్తుకీ సర్దుకోవచ్చు. దారానికీ తలుపుకీ మధ్య మూడు నాలుగు మి.మీ. సందు ఉన్నా లోతు మరతో కంటికి కనపడకుండా చెయ్యొచ్చు. పది మి.మీ. లోపైతే తలుపు వెనక గాడి తీసి షట్టర్ స్ట్రెయిటెనర్ అనే లోహపు కడ్డీ బిగిస్తారు, తాళంచెవితో తిప్పితే తలుపు నెమ్మదిగా చక్కనవుతుంది. దానితోపాటు లోపలి పెయింటు 80 నంబరు గరుకు కాగితంతో పూర్తిగా గీకించి లైనర్ వేయించండి, లేకపోతే కడ్డీ ఒక్కటే పోరాడాలి. అంతకు మించి వంగితే డబ్బు తగలేయకండి. ఏడడుగుల తలుపుకు 19 మి.మీ. బ్లాక్‌బోర్డు (మధ్యలో చెక్క పట్టీలు పేర్చి, రెండు వైపులా పల్చటి చెక్క పొరలు అతికించిన పలక) ప్లైవుడ్ కంటే నిటారుగా నిలుస్తుంది. తలుపుకు నాలుగు హింజిలు తప్పనిసరి, బరువుంటే ఐదు. కొత్తగా చేయించుకునేవాళ్లు ఐదడుగుల తలుపు, పైన రెండడుగుల అటక తలుపు అని విడగొట్టుకుంటే ఈ తలనొప్పి సగం పుట్టదు.

ప్ర: రాణిగంజ్‌లో షీట్లు చూశాం. ఒకే డిజైను 0.8 మి.మీ. ఒక ధర, 1 మి.మీ. ఇంకో ధర. పైకి తేడా తెలియడం లేదు. ఎక్కువ పెట్టాలా? ఇందులో నిజంగా మైకా ఉంటుందా? (ఏ.ఎస్.రావు నగర్)

రెండో ప్రశ్న ముందు. ఉండదు. కరెంటు పరికరాల్లో ఇన్సులేషన్‌కు అభ్రకం, అంటే మన గూడూరు గనుల్లో తవ్వే మైకా, వాడేవారు. దానికి బదులుగా 1912–13 ప్రాంతంలో అమెరికాలో డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ రెసిన్ పలకలు తయారుచేసి, ‘మైకాకు బదులు’ అనే అర్థం వచ్చేలా ఫార్మైకా అని పేరు పెట్టారు. బల్లల మీదికి, గోడల మీదికి ఎక్కింది తర్వాతే. సన్‌మైకా కూడా ఒక కంపెనీ బ్రాండు పేరే. మన నోళ్లలో పడి అన్ని షీట్లకూ అదే పేరైంది.

మందం విషయానికొస్తే పై పొర రెంటికీ దాదాపు ఒకటే, తేడా కింది క్రాఫ్ట్ కాగితాల్లో. పల్చటి షీటు కింద చెక్క ఎత్తుపల్లాలను పైకి చూపిస్తుంది. గ్లాసీ రంగుల్లో అయితే కిటికీ వెలుతురు పక్క నుంచి పడగానే అలలు అలలుగా కనపడుతుంది. కాబట్టి తలుపుల బయటికీ, బల్లల పైకీ 1 మి.మీ. తీసుకోండి. పక్కలకూ, కనపడని చోట్లకూ 0.8 చాలు. లోపల అరలకు ఇంకా పల్చటి లైనర్ వేసుకోవచ్చు, రెండు వైపులా వేస్తే సరి.

కొనేటప్పుడు షీటు వెనక ఐఎస్ 2046 (ఈ షీట్లకున్న భారతీయ ప్రమాణం) గుర్తు చూడండి. మందం కొలిచే వర్నియర్ పరికరం ఉంటే మూడు నాలుగు చోట్ల కొలవండి, 1 మి.మీ. అని అమ్మేది 0.8 మి.మీ.కు దగ్గరలో తేలడం కొత్తేం కాదు. షీటు ఎనిమిదడుగులు, నాలుగడుగులు. ఇంటికి కావాల్సినవన్నీ ఒకేసారి, ఒకే బ్యాచి నంబరువి తీసుకుని, ఒక షీటు అదనంగా పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత అదే కోడ్ అడిగితే రంగు వీసమెత్తు తేడాతో వస్తుంది. పక్కపక్కన పెడితే ఆ వీసమే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. తెచ్చాక షీట్లనూ ప్లైవుడ్‌నూ అదే గదిలో రెండు రోజులు పడుకోబెట్టి ఉంచండి. మేడ మీద ఎండలో నిలబెట్టి, దించగానే అంటించకండి.

ప్ర: అద్దింట్లో వంటగట్టు గ్రానైట్ కాదు, లామినేట్ (సన్‌మైకా షీటే). కుక్కర్ దించి పెడితే గుండ్రంగా ఉబ్బి, రంగు మారింది. ఓనర్‌గారు చూసేలోపు పోగొట్టే మార్గం? (మణికొండ)

పోదమ్మా. వేడికి కింది జిగురు మెత్తబడింది, చెక్కలో ఉన్న తేమ ఆవిరై షీటును ఎత్తింది. ఉబ్బు మాత్రమే ఉంటే మొదటి జవాబులోని ఇస్త్రీపెట్టె కిటుకు ఒకసారి చూడొచ్చు. గోధుమరంగు తిరిగిందంటే పై కాగితమే మాడింది, దాన్ని ఏ పొడీ తెల్లగా చెయ్యదు.

మర్యాదగా కనపడే మార్గం ఒకటుంది. మచ్చ కంటే అంగుళం పెద్దగా, నలుచదరంగా షీటు కోసి తీసేసి, ఆ చోట స్టీలు పలకో, పల్చటి గ్రానైట్ ముక్కో సిలికాన్‌తో బిగించండి. వేడి గిన్నెలు దించుకోవడానికి పెట్టించినట్టే ఉంటుంది. కోసేటప్పుడు మూలలు సూటిగా కొయ్యకండి. లోపలి మూల ఐదు మి.మీ. అయినా గుండ్రంగా లేకపోతే, అక్కడి నుంచి షీటు మీద పగులు పాకుతుంది. సింకు కోసం కోసిన చోట మీరు చూసే వెంట్రుకవాసి పగుళ్లు కూడా ఇవే. అయితే ఓనర్‌గారికి చెప్పి చేయించండి. కోసేశాక చెప్పడం కంటే ముందే చెప్పడం మేలు.

ప్ర: పాత సన్‌మైకా మీద పెయింటు వేస్తే నిలుస్తుందా? (మెహిదీపట్నం)

తలుపుల మీద నిలుస్తుంది, వంటగట్టు మీద నిలవదు. జిడ్డు పూర్తిగా కడిగి, 220 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, నున్నటి తలాలకు పట్టే బాండింగ్ ప్రైమరు ఒక కోటు వేశాకే పెయింటు. ప్రైమరు మానేస్తే గోటికి పొర పొరగా లేచొస్తుంది.

ప్ర: తెల్ల కిచెన్ తలుపుల మీద పసుపు మరకలు, చిమ్నీ పక్కన జిడ్డు, సింకు దగ్గర బోరు నీళ్ల తెల్లచారలు. పీచు పెట్టి తోమితే మెరుపు పోయింది. (నిజాంపేట)

పోయిన మెరుపు తిరిగి రాదు. స్టీలు పీచు, గరుకు పొడులు, ఆకుపచ్చ స్క్రబ్బరు సన్‌మైకా దగ్గరికే రానివ్వకండి. బాత్‌రూమ్ యాసిడ్ అయితే నిమిషాల్లో పై పొరను తినేస్తుంది.

మూడు మరకలకు మూడు మందులు. పసుపు నీళ్లలో కరగదు, అందుకే సబ్బు నీళ్లతో ఎంత తుడిచినా పరుచుకుంటుందే తప్ప పోదు. స్పిరిట్‌లో కరుగుతుంది. దూదికి కొంచెం స్పిరిట్ అద్ది, మరక అంచు నుంచి మధ్యకు తుడుస్తూ, ప్రతిసారీ దూది మార్చండి. స్టవ్ ఆర్పి ఉండాలి సుమా. మిగిలిన లేత పసుపు చాయ ఎండ తగిలే చోటైతే కొన్ని రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది. జిడ్డుకు గోరువెచ్చని నీళ్లలో గిన్నెల లిక్విడ్ చాలు, తడిగుడ్డ పరిచి ఐదు నిమిషాలు నాననిచ్చి తుడవండి. బోరు నీళ్ల చారలకు వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి రెండు నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో ముగించండి. తలుపు అంచుల మీద మాత్రం నీళ్లు నిలవనివ్వకండి. ఎందుకో కింది ప్రశ్న చూస్తే తెలుస్తుంది.

ప్ర: మాడ్యులర్ కిచెన్‌లో సింకు కింది క్యాబినెట్ అడుగు ఉబ్బి, ఎడ్జ్ బ్యాండ్ ఊడింది. వాటర్‌ప్రూఫ్ అని చెప్పి అమ్మారు. (దిల్‌సుఖ్‌నగర్)

వాటర్‌ప్రూఫ్ అన్నది పై షీటు వరకే నిజం. మీ క్యాబినెట్ ముందే లామినేట్ వేసి వచ్చే పార్టికల్ బోర్డులా ఉంది. చెక్క పొట్టును జిగురుతో నొక్కిన పలక అది. సింకు పైపు జాయింటు నుంచి చుక్క చుక్కగా కారే నీళ్లు కోసిన అంచుల్లోంచి, మర వేసిన రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి. పొట్టు ఉబ్బుతుంది, అంచుకు అతికించిన పట్టీని తోసేస్తుంది. ఒకసారి ఉబ్బింది ఆరినా దిగదు, మర పట్టదు.

ముందు కారేది ఆపండి. పైపు జాయింట్ల చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి ఒక రాత్రి వదిలేస్తే ఏది కారుతోందో పొద్దున్నే పట్టుబడుతుంది. తర్వాత అడుగు పలక మాత్రం తీయించి పీవీసీ బోర్డుగానీ, ఐఎస్ 710 గుర్తున్న ప్లైవుడ్‌గానీ పెట్టించండి. 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదన్నది ఆ గుర్తు కోసం పెట్టే పరీక్ష. ఏ పలకైనా సరే, పైపు కోసం చేసిన రంధ్రం లోపలి అంచుకు సిలికాన్ పూయించాలి. కార్పెంటర్లు మర్చిపోయేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే అది ఎవరికీ కనపడదు.

ఉబ్బని చోట్ల ఊడిన పట్టీని మళ్లీ అతికించుకోవచ్చు. 18 మి.మీ. పలకకు 22 మి.మీ. వెడల్పు పట్టీ వస్తుంది. పాత జిగురు బ్లేడుతో పూర్తిగా గీకి, పట్టీకీ పలక అంచుకూ రబ్బరు జిగురు పల్చగా పూసి, వేలికి అంటని దాకా ఆరనిచ్చి, ఒక చివర నుంచి నొక్కుకుంటూ పోవాలి. చిన్న రోలరు ఉంటే మంచిది, లేకపోతే గుండ్రటి చెక్క. మిగులు అంచును ఆకురాయితో కిందికి మాత్రమే రుద్దండి. స్టవ్ పక్కన, ఓవెన్ పక్కన ఇలా చేత్తో వేసింది నిలవదు, ఆ వేడికి మళ్లీ జారుతుంది. అక్కడి తలుపులు విప్పి మెషీన్ ఉన్న షాపులో, పీయూఆర్ (వేడిని తట్టుకునే పాలియూరెథేన్) జిగురుతో వేయించండి.

ప్ర: పాత ఆఫీసు బల్ల, 5 అడుగులు, రెండున్నర అడుగులు. పాత సన్‌మైకా బాగానే అంటుకుని ఉంది, డిజైనే నచ్చలేదు. దాని మీదే కొత్తది నేనే వేసుకోవచ్చా? (సైనిక్‌పురి)

వేసుకోవచ్చు. రూపాయి బిళ్ల పరీక్షలో ఎక్కడా డొల్ల పలకకూడదు, అదొక్కటే షరతు. పలికితే ఆ షీటు పీకాల్సిందే.

పాత షీటు మీద తెల్ల జిగురు పనికిరాదు, రెండు వైపులా ఇంకే దారి లేకపోతే దానిలోని నీరు ఆరదు. రబ్బరు జిగురే వాడాలి. మీ బల్లకు అర లీటరు డబ్బా చాలు, కొంచెం మిగులుతుంది కూడా. షీటును నాలుగు వైపులా అరంగుళం ఎక్కువ ఉండేలా కొయ్యండి. డిజైను వైపు లామినేట్ కత్తితో, స్కేలు ఆనించి, ఒకే గీత మీద నాలుగైదు సార్లు గీసి, గీత వైపుకే మడిస్తే శుభ్రంగా విరుగుతుంది. మిగిలిన ముక్కలోంచి అంచులకు పట్టీలు కోసుకోండి. ముందు అంచులు వెయ్యాలి, పైభాగం ఆఖరున. అప్పుడే పై షీటు అంచును కప్పుతుంది, ఒలికిన టీ సందులోకి దిగదు.

పాత తలాన్ని సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక 80 నంబరు కాగితంతో మెరుపంతా పోయేలా రుద్ది, దుమ్ము తుడవండి. జిగురు తెరిచే ముందు కిటికీలన్నీ తీయండి. స్టవ్, అగరొత్తి, దేవుడి దగ్గర దీపం అన్నీ ఆర్పాలి, ఆ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. బల్లకూ షీటు వెనక్కూ రెంటికీ పల్చగా, సమంగా పూసి ఆరనివ్వండి. గడియారం చూడకండి, వేలు చూడండి: వేలి వెనక భాగం ఆనిస్తే జిగురు అంటకూడదు. ఎండాకాలం ఫ్యాను కింద త్వరగా ఆరుతుంది, ఇప్పుడు పావుగంట పైనే పట్టొచ్చు. జోరు వాన రోజు మాత్రం మొదలుపెట్టకండి. గాలిలో తేమ జిగురు మీద పేరుకుని తెల్లటి పొర కడుతుంది, ఆ పొర మీద పట్టు ఉండదు.

రెండు జిగుర్లు తాకాయంటే ఇక జరపడం కుదరదు. అందుకని బల్ల మీద అడ్డంగా, ఎనిమిది పది అంగుళాలకు ఒకటి చొప్పున, పొడి బీడింగ్ కర్రలు పరిచి వాటి మీద షీటు పెట్టండి. నాలుగు వైపులా అరంగుళం సరిచూసుకుని, మధ్య కర్ర ముందు లాగి, అక్కడ చేత్తో నొక్కి, తర్వాత అటొకటి ఇటొకటి లాగుతూ పొండి. అంతా పడ్డాక మధ్య నుంచి అంచులకు రోలరుతో మీ బరువంతా పెట్టి తొక్కించాలి. రోలరు లేకపోతే చెక్క దిమ్మె మీద రబ్బరు సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ రండి. ఈ జిగురుకు ఎంతసేపు నొక్కామన్నది కాదు, ఎంత గట్టిగా నొక్కామన్నదే లెక్క. అంచులు ట్రిమ్మర్‌తో గానీ ఆకురాయితో గానీ తీసేసి, పదును పోయేలా ఏటవాలుగా ఒక్క రుద్దు రుద్దండి. పైకి రుద్దితే డిజైను పెచ్చులూడుతుంది, ఇదీ కిందికే.

ప్ర: కొత్త తలుపుల మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. గీతలు పడకుండా అలాగే ఉంచేద్దామా? (ఉప్పల్)

పని పూర్తయి, పెయింటర్లు వెళ్లిపోగానే తీసెయ్యండి. నెలల తరబడి ఉంచితే, అందులోనూ కిటికీ ఎండ పడే చోట, దాని జిగురు గట్టిపడి పొర చిన్న చిన్న ముక్కలుగా తప్ప రాదు. ఇప్పటికే అలా అయిపోతే హెయిర్ డ్రయ్యర్ వెచ్చదనం పెడుతూ ఒక మూల నుంచి, తలుపుకు ఆనించినట్టుగా వెనక్కి లాగండి. మిగిలిన జిగురు మరకలకు గుడ్డకు కొంచెం స్పిరిట్ అద్ది తుడిస్తే సరిపోతుంది.